జనం వైపు తిప్పిన మైకు

మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ఏదో ఒక రోజు ఆ మాట అడుగుతారు. "ఇప్పుడు ఏ పాట కావాలన్నా ఫోనులో వస్తుంది కదా మేడమ్, ఈ డబ్బాలన్నీ దేనికి?" అని. డబ్బాలంటే నా హార్డ్ డిస్కులు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. మీ ఫోనులో మా ఊరి నాటకం వెతికి చూపించండి, దొరికితే కాఫీ ఇస్తాను, లేకపోతే లేదు అంటాను. ఒకాయన పావుగంట వెతికి కాఫీ లేకుండానే వెళ్ళాడు. ఆయన మా కాలేజీలోనే కెమిస్ట్రీ చెబుతాడు. ఇప్పటికీ నా మీద కోపంగానే ఉన్నాడు. ఉండనీ.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. అక్కడ మా నాన్నకి మైకు సెట్టు ఉండేది. పెళ్ళయినా, ఎలక్షన్లయినా, చర్చిలో కూడికలయినా, తిరునాళ్ళయినా మా నాన్న వచ్చి హారన్లు కట్టాల్సిందే. అన్నిట్లోకీ ఆయన ప్రాణమంతా పద్యనాటకం మీద ఉండేది. మిరప కోతలు అయిపోయి కల్లాలు ఖాళీ అయ్యాక మా వైపు ఊరూరా నాటకాలు పెట్టేవాళ్ళు. ఆ రెండు మూడు నెలలూ నాన్న ఇంట్లో కంటే ఎడ్లబండి మీద, యాంప్లిఫయరు పక్కన ఎక్కువ ఉండేవాడు.

మా వైపు నాటకం చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పద్యం బాగా పాడితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. నటుడు కథ ఆపేసి, ఉన్నచోటే నిలబడి, అదే పద్యం మళ్ళీ అందుకుంటాడు. యుద్ధం మధ్యలో ఉన్నా సరే. చచ్చి పడి ఉన్నా లేచి పాడి, మళ్ళీ పడుకుంటాడు. ఎవరికి ఎన్ని వన్స్ మోర్లు పడ్డాయన్నదాన్ని బట్టి ఆ నటుడికి పేరు. పక్క ఊరి కమిటీ వాళ్ళు నాటకం మాట్లాడుకోవడానికి వస్తే, మావాడికి ఫలానా ఊళ్ళో జనం ఊగిపోయారండీ అని హార్మోనిస్టు చెబుతాడు. వాళ్ళు నమ్మరు. అందుకని మా నాన్న ఒక పద్ధతి పెట్టాడు. స్టేజీ మీది మైకులన్నిటినీ టేపు రికార్డరులో ఎడమ పక్కకి పంపేవాడు. విడిగా ఒక మైకుని జనం వైపు తిప్పి గుంజకి కట్టి, దాన్ని కుడి పక్కకి పంపేవాడు. ఎడమ చెవిలో పద్యం, కుడి చెవిలో జనం. అరుపులు నిజంగా పడ్డాయా లేదా అన్నదానికి ఆ క్యాసెట్టే సాక్ష్యం. దాన్ని నాన్న క్రౌడు మైకు అనేవాడు. మగవాళ్ళ వైపు కడితే ఆ అరుపులకి మీటరులో సూది ఎర్రగీత దాటిపోతోందని, ఆడవాళ్ళు చాపలు పరుచుకుని కూర్చునే వైపు కట్టేవాడు.

ఆ గుంజ పక్కన చాప మీద మా అమ్మ కూర్చునేది. ఈ సంగతి నాకు గుర్తుండి చెబుతున్నది కాదు, ఎలా తెలిసిందో తరవాత చెబుతాను. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ తమ్ముణ్ణి కని, ఒంగోలు తీసుకెళ్ళే దారిలోనే పోయింది. ఇంట్లో ఆమె ఫోటోలు రెండు మిగిలాయి. గొంతు మిగల్లేదు. నేను పెద్దయ్యే కొద్దీ ఆమె ముఖం ఫోటోలో చూసి తెచ్చుకోగలిగాను కానీ, నన్ను ఎలా పిలిచేదో ఎంత కళ్ళు మూసుకున్నా వచ్చేది కాదు.

తమ్ముణ్ణి మా మేనత్త పెంచింది. నాన్నకి అక్క ఆవిడ. ఉన్నమాట చెప్పుకోవాలి, కడుపున పుట్టినవాళ్ళతో సమానంగా అన్నం పెట్టింది. అలాగే వాడు పాలు తాగకపోయినా, పరీక్ష తప్పినా, జ్వరం వచ్చినా, సైకిలు మీంచి పడినా ఆమె నోట ఒకటే మాట. "తల్లిని మింగి పుట్టినోడివి, నీకింకేం బాగుపడుద్దిరా?" కోపంగానూ అనేది, ముద్దుగానూ అనేది. పేరు పెట్టి పిలిచినట్టు అనేది. పెంచిన చెయ్యి కాబట్టి ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. మా నాన్న కూడా ఎత్తలేదు. ఆయన్ని నేనెంత ప్రేమించినా ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

వాడు ఆ మాటని నిజమే అనుకుని పెరిగాడు. పుట్టినరోజున ఎవరికీ కనబడడు, ఫోను ఎత్తడు. పెళ్ళయి, తన భార్యకి నొప్పులు వస్తుంటే హాస్పిటల్ గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేదు. బయట కారులో కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళి తలుపు కొడితే, "నేను దగ్గరుంటే మంచిది కాదక్కా" అన్నాడు. చదువుకున్నవాడు, చిలకలూరిపేట రోడ్డులో కోల్డ్ స్టోరేజీ నడుపుతున్నవాడు, వందమందికి పని చెప్పేవాడు ఆ మాట అన్నాడు.

నాన్న పోయాక ఇల్లు తమ్ముడికి వచ్చింది, క్యాసెట్లు నాకు వచ్చాయి. గోనెసంచుల నిండా ఉన్న ఆ క్యాసెట్ల కోసం ఎవరూ పోటీకి రాలేదు. పాత డెక్కు ఒకటి కొని, బాగుచేయించి, ఆదివారాలు కూర్చుని ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. చాలావాటిల్లో నాటకం మీద నాటకం రికార్డయి ఉంది. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి, అవి విరగ్గొడితే దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యడం కుదరదు. నాన్న వాటిని ఎప్పుడూ విరిచేవాడు కాదు, ఒకే క్యాసెట్టుని పదిసార్లు వాడేవాడు. ఒక్కదానికి మాత్రం రెండు పలుకులూ విరిచి ఉన్నాయి. పైన ఊరి పేరు కూడా రాసి లేదు.

దాన్ని పెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను. పద్యం బాగానే ఉంది, అంతకంటే మంచివి నా దగ్గర చాలా ఉన్నాయి. రాగం తీసి తీసి నటుడు ఆపగానే దూరంగా మగవాళ్ళ ఈలలు. అప్పుడు కుడి చెవిలో, మైకుకి చాలా దగ్గరగా, ఒక ఆడగొంతు "వన్స్ మోర్!" అని అరిచింది. ఉలిక్కిపడ్డాను. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆడవాళ్ళు అరవరు. వెంటనే ఇంకో గొంతు.

"ఓసి కూర్చోవే! మగాళ్ళు చూస్తన్నారు, సిగ్గులేదా?"

"నాక్కాదు వదినా!" అని మొదటి గొంతు. నవ్వు ఆగడం లేదు. "లోపలున్నోడికి కావాలంట. పద్యం ఆగినకాణ్ణించీ ఒకటే తంతన్నాడు. వీడు నాటకాలోడే అవుతాడు, చూస్తా ఉండు."

తరవాత నిద్రమత్తుగా ఒక పిల్ల గొంతు, "అమ్మా, నిద్దరొస్తంది" అంది. "ఇది విని పడుకుందువుగాని, తమ్ముడు కూడా వింటన్నాడు" అని ఆమె అంటుండగా హార్మోనియం అందుకుంది. పద్యం మళ్ళీ మొదలైంది.

కసిరిన గొంతు మా అత్తయ్యది. ఆమె గొంతు ఇప్పటికీ అంతే. ఆ పిల్ల నేను. నన్ను పడుకుందువుగాని అన్నది మా అమ్మ. నాకు నలభై దాటాక మా అమ్మ గొంతు విన్నాను. చాలాసేపు ఏడ్చాను. ఏడుపు అయిపోయాక కోపం వచ్చింది. అత్తయ్య ఆ మాటలన్నీ పక్కనే కూర్చుని విన్నది. విని కూడా, ఆ తల్లి అంత సంబరపడి మోసిన పిల్లాణ్ణి ఇన్నేళ్ళూ ఆ మాట అంటూనే ఉంది.

అప్పుడే తమ్ముడికి పంపాలని నా తొందర. ఆ ముక్క కత్తిరించి ఫోనుకి పంపాను. గంట తరవాత వాడు ఫోను చేశాడు. "ఏందక్కా ఇది? హార్మోనియం, గోల తప్ప ఏం లేదు గదా." నా ఫోనులో పెట్టుకుని విన్నాను. వాడు చెప్పింది నిజం. అమ్మ లేదు. ఆమె గొంతు ఉండాల్సిన చోట ఏదో బుడబుడమని చప్పుడు ఉంది, అంతే.

ఇక్కడ నా సబ్జెక్టు కాస్త చెప్పాలి. ఫైలుని చిన్నది చెయ్యాలంటే అందులోంచి ఏదో ఒకటి తీసెయ్యాలి. ఏది తీసెయ్యాలో లెక్కగట్టేది సాఫ్ట్‌వేర్. పెద్ద చప్పుడు ఉన్నప్పుడు దాని కింద ఉన్న చిన్న చప్పుడు మన చెవికి ఆనదని దాని నమ్మకం, అందుకని చిన్నదాన్ని కోసేస్తుంది. పైగా ఫోనుకి పంపినప్పుడు ఎడమ, కుడి రెండూ కలిపి ఒకటి చేసేసింది. హార్మోనియం పెద్దది, మా అమ్మ చిన్నది. ఏమీ కొయ్యకుండా ఉన్నదున్నట్టు దాచే పద్ధతిని లాస్‌లెస్ అంటారు. ఫైళ్ళు బండల్లా ఉంటాయి, డిస్కు నిండిపోతుంది, అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. మా అమ్మని చెవికి ఆనని చప్పుడు కింద లెక్కగట్టే పద్ధతికి నేను ఒప్పుకోను.

ఏమందో నోటితో చెప్పేయొచ్చు కదా అని మీరంటారు. చెబితే, అది అక్క తమ్ముణ్ణి ఓదార్చడానికి కల్పించిన మాట అయిపోతుంది. అలాంటి ఓదార్పులు వాడు పుట్టినప్పటి నుంచీ విని విని ఉన్నాడు. వాడు ఆమె నోటే వినాలి. అందులో అమ్మ గొంతు ఉందిరా, మా ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకో అన్నాను. రాడు. మిర్చి యార్డులో పని ఉందంటాడు, సీజనంటాడు, కరెంటు బిల్లంటాడు. ఒకసారి గట్టిగా పట్టుకుంటే అసలు మాట చెప్పాడు. "నేను చంపిన మనిషి గొంతు నన్ను వినమంటావేంటక్కా?" ఆ మాటకి నేను ఆ రోజు అన్నం తినలేదు.

ఆ క్యాసెట్టుని మళ్ళీ తిప్పడానికి కూడా లేదు. ఒక్కసారి తిరిగేసరికే టేపు మీది పూత పొడిలా రాలి డెక్కు నిండా పడింది. ఇక ఉన్నదల్లా ఆ ఒక్క ఫైలు. అది పోతే మా అమ్మ రెండోసారి పోయినట్టు, మా తమ్ముడు జీవితాంతం అలాగే ఉండిపోయినట్టు. అందుకని మూడు కాపీలు పెట్టాను. రెండు వేరు వేరు డిస్కుల మీద వేరు వేరు చోట్ల ఉండాలి, మూడోది అసలు ఇంటికి సంబంధం లేని చోట ఉండాలి. మొదటిది మా బీరువాలో. ఇంకొకటి మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో, పట్టకాలు, శృతిదండాలు పెట్టే చెక్క అలమరలో. దాని తాళం నా దగ్గరే ఉంటుంది.

పద్యనాటకాల అభిమానులు కొందరు ఎలాగో నా సంగతి తెలుసుకుని అడిగితే, నమ్మి ఆ నాటకం ఇచ్చాను. నెల తిరక్కుండా వాళ్ళలో ఒక పెద్దాయన ఉత్సాహంగా ఫోను చేశాడు.

"మధ్యలో జనం గోల, ఆడవాళ్ళ ముచ్చట్లు మొత్తం తీసేశామండీ. ఇప్పుడు నీటుగా ఉంది. మీరు కూడా ఇదే ఉంచుకోండి."

"ఆ గోల కోసమే నేను ఉంచుకున్నానండీ. మీకు నీటుగా కావాలంటే స్టూడియోలో పాడించుకోండి, మా ఊరి జనాన్ని ముట్టుకోవద్దు" అని ఫోను పెట్టేశాను. ఆ తరవాత ఎవరికీ ఇవ్వలేదు.

ఇక మిగిలిన కాపీ. గుంటూరు ఎండలకి డిస్కు వేడెక్కి పోతుందేమోనని నా భయం. తమ్ముడు నవ్వి, "ఏడాదంతా మిరపకాయ రంగు తిరక్కుండా కాపాడతన్నాం, నీ డబ్బాని కాపాడలేమా? నా దగ్గర పెట్టు" అన్నాడు. లోపల ఏముందో వాడికి తెలుసు. వినడానికి రాడు కానీ, దాచడానికి మాత్రం నేను అడక్కుండానే చెయ్యి చాచాడు. వాడు అలాంటివాడు. గాలి చొరబడకుండా చుట్టి పెట్టరా అని చెప్పి ఇచ్చాను. వాడు చెక్కపెట్టెలో పెట్టి, దాన్ని గోనెసంచిలో కుట్టించి, మిరపకాయల బస్తాలకి, అదే టిక్కీలకి, కట్టినట్టే చీటీ కూడా కట్టించి, చల్లటి గదిలో టిక్కీల మీద పెట్టించాడు. ఆ చీటీ ఫోటో తీసి నాకు పంపాడు. తేజా రకం మిర్చి అని రాయించాడు వెధవ.

పోయిన వేసవిలో, రోహిణి కార్తెలో, ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. ఆ సమయానికి నేను బీరువాలోని డిస్కు బయటికి తీసి కొత్త రికార్డింగులు ఎక్కిస్తున్నాను. కరెంటు పోయింది, వచ్చింది, ఒక్కసారిగా ట్యూబులైట్లు ధగధగా వెలిగి మళ్ళీ పోయింది. డిస్కులోంచి చిన్న వాసన. అంతే. ఇక అది లేవలేదు.

నేను భయపడలేదు. ఇందుకే కదా మూడు పెట్టింది అనుకుని తమ్ముడికి ఫోను చేశాను. మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి నీ డబ్బా రెడీగా ఉంటుందక్కా అన్నాడు. వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ వెనక పట్టాలు పరిచి, తడిసిన కాయలు ఎండబెడుతున్నారు. ఆ ఎర్రటి కాయల మధ్య, ఒక గుడ్డ మీద, నల్లగా నా డిస్కు. పై డొప్ప ఊడదీసి ఉంది. పక్కన మా తమ్ముడు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు వాడికి, డిస్కుకి కాదు.

"ఏంట్రా ఇది?"

"బయటికి తీయంగానే చెమ్మ పట్టిందక్కా. నీళ్ళు కారిపోతా ఉంది. కాయలకైనా అంతే, చెమ్మతో మూట కడితే బూజు పట్టుద్ది. పొద్దున్నుంచి ఎండలో పెట్టి తిప్పుతన్నా. ఇప్పుడు చూడు, గలగలలాడతంది."

చేత్తో ముట్టుకుంటే చుర్రుమంది. చల్లటి వస్తువుని ఒక్కసారిగా వేడిగాలిలోకి తెస్తే నీరు పడుతుందని నేను ఏటా పిల్లలకి బోర్డు మీద చెబుతాను. వాడు చేసింది వాడికి తెలిసిన వైద్యం. మిరపకాయ అయితే బతికేది. అక్కడే ఆఫీసులో ల్యాప్‌టాపుకి తగిలించాం. టక్, టక్, టక్ మంది. మళ్ళీ టక్, టక్. ఆ తరవాత అదీ లేదు.

ఇక మిగిలింది ఒక్కటే కాపీ. వాడి మీద అరిచాను, గుమాస్తాలు బయటికి వెళ్ళిపోయేంత అరిచాను. వాడు డిస్కు వైరు ఊడదీసి చుట్టబెట్టాడు. ఆఖరికి, "చూశావా, నా చెయ్యి పడితే అంతే" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, అందరికీ తెలిసిన సంగతేదో చెప్పినట్టు చెప్పాడు. నా అరుపు అక్కడితో ఆగిపోయింది. అరిచినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తరవాత మొండితనం వచ్చింది.

"కారు తియ్. కాలేజీకి పోదాం. ఇంకోటి ఉంది."

"నేనెందుకక్కా? డ్రైవర్ని పంపిస్తా."

"పాడు చేసింది నువ్వు. నువ్వే రావాలి."

సెలవులు కాబట్టి కాలేజీలో పురుగు లేదు. వాచ్‌మన్ ల్యాబు తాళం తీసి వెళ్ళిపోయాడు. కరెంటు లేదు, కిటికీలు తెరిస్తే వడగాలి కొడుతోంది. అలమర తెరిచి, శృతిదండాల పెట్టె వెనక నుంచి డిస్కు తీశాను. మామూలు గది వేడిలో, మామూలు దుమ్ములో, ఏ వైద్యమూ లేకుండా ఉంది. ల్యాప్‌టాపుకి తగిలిస్తే తిరిగింది. లోపల ఫైళ్ళన్నీ కనబడ్డాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి లెక్క ఒకటి తీసి పెట్టుకుంటాను. ఫైలులో ఒక చుక్క మారినా ఆ లెక్క తప్పుతుంది. ఈ ఫైలుకి అది చూశాను. కలిసింది. నిజానికి అంతటితో పని అయిపోయింది, ఇక చూడాల్సింది ఏమీ లేదు. ఆ సంగతి మా తమ్ముడికి తెలీదు.

"బాగానే ఉందా?" అని భయంగా అడిగాడు.

"తెలీదు. చెవితో విని చూస్తే గాని చెప్పలేం. ఎండకి నా చెవులు హోరెత్తిపోతున్నాయి, నువ్వు విను. ఎడమ చెవిలో పద్యం వస్తుంది, కుడి చెవిలో జనం. రెండు పక్కలా తెగకుండా వస్తందా లేదా చెప్పు. ఒక్క ముక్క కూడా వదలొద్దు."

"నేనా?"

"నువ్వు కాకపోతే ఎవరు? నీ వల్లే గదా ఈ తిప్పలు."

తప్పు చేశానన్న బరువుతో ఉన్నాడు కాబట్టి కాదనలేకపోయాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. మోసం చేశాను, చేసినందుకు నాకేమీ బాధ లేదు. పద్యానికి కాస్త ముందు నుంచి పెట్టి, నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాకు ఏమీ వినబడదు, వాడి ముఖమే కనబడుతుంది. మొదట సరుకు చూసేవాడిలా కనుబొమ్మలు ముడిచి విన్నాడు. ఎడమ పక్క బాగానే ఉందని చెయ్యి ఊపాడు. తరవాత ఉలిక్కిపడి కుడి చెవి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నటుడు పద్యాన్ని మళ్ళీ మొదలుపెట్టి, పూర్తి చేసి, కథలోకి వెళ్ళిపోయి ఉంటాడు. వాడు తియ్యలేదు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి వచ్చి చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

చివరికి నేనే వెళ్ళి పాట ఆపాను.

"కూర్చోవే అన్నది అత్తేనా?" అని అడిగాడు మొట్టమొదట.

"అత్తే."

"అయితే విన్నదన్నమాట. నేను తంతంటే అమ్మ నవ్వింది, అత్త విన్నది."

"పక్కనే కూర్చుంది గదరా."

ముఖం కడుక్కుని వచ్చాడు. ఆ డిస్కులోంచి అక్కడికక్కడే కొత్త డిస్కులోకి కాపీ ఎక్కించాను. వాడు ల్యాప్‌టాపు, హెడ్‌ఫోన్స్ తనే మోసుకుని కారులో పెట్టాడు. ఎక్కడికి అని నేను అడగలేదు. కారు అద్దంకి వైపు తిరిగింది. ఆ మండే ఎండలో రెండు గంటల ప్రయాణం.

ఊళ్ళో మా ఇంటి వసారాలో అత్తయ్య కూర్చుని మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతోంది. ఎనభై దగ్గర పడుతున్నా చెవులు, నోరు రెండూ బాగా పనిచేస్తాయి. మమ్మల్ని చూడగానే ముఖం విప్పారింది. "ఏరా, తల్లిని మింగినోడా, ఈ ఎండన పడి వచ్చారేంది?" అంది ప్రేమగా. ఆ ప్రేమ అబద్ధం కాదు. అందుకే ఇన్నాళ్ళు ఎవరూ దాన్ని ఆపలేకపోయారు.

తమ్ముడు ఆమె పక్కన కింద కూర్చున్నాడు. ల్యాప్‌టాపు తెరిచి, హెడ్‌ఫోన్స్ ఆమె తల మీద మెల్లగా పెట్టాడు. అదేందిరా, ఇదేందిరా అంటూనే పెట్టించుకుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. పెదవులు కదిలాయి, తను ఎప్పుడో అన్న మాటని తనే మళ్ళీ అనుకున్నట్టు. తరవాత తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దాని నవ్వేరా" అంది. "ఎంత మాటన్నా ఇట్టాగే నవ్వేది."

"నేను కడుపులో ఉన్నానని ఎంత సంబరపడిందో విన్నావా?"

"విన్నా."

"అప్పుడు కూడా విన్నావు."

అత్తయ్య ఒళ్ళో ఉన్న హెడ్‌ఫోన్స్ వైరు వేలికి చుట్టుకుంది. "అది పోయిన బాధలో ఏదో నోటికి వచ్చిందిరా. నోటికి అలవాటైపోయింది. నేను నిన్ను పెంచలేదా?"

"పెంచావు. అందుకే ఇన్నాళ్ళు పడ్డా. ఇక పడనత్తా." వాడు అరవలేదు. అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది, ఎప్పటిలాగే అంతా కలిసి చల్లారిపోయేది. "అమ్మకే నా మీద కోపం లేదు. అనడానికి నువ్వు ఎవరు?"

ఆ ఇంట్లో ఆవిడతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. అత్తయ్య నా వైపు చూసింది, సర్దిచెప్పమన్నట్టు. చిన్నప్పటి నుంచీ సర్దిచెప్పేది నేనే. నేను సర్దిచెప్పలేదు. మిరపకాయల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది. "ఎండన పడొచ్చారు. మజ్జిగ తాగుతారా?"

"తాగుతాం" అన్నాడు తమ్ముడు. "ముందు ఆ మాట ఇంకెప్పుడూ అననని చెప్పు."

లోపల గది గోడ మీద మా నాన్న ఫోటో కనబడుతోంది. ఆయన ఒక్కసారి కూడా అడగని మాట అది. అత్తయ్య చేతిలో ఉన్న కాయని పక్కన పెట్టింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేత్తో మా తమ్ముడి గడ్డం పట్టుకోబోయింది. వాడు వెనక్కి జరిగాడు, మాట వచ్చేదాకా పట్టుకోనివ్వలేదు.

"అననురా" అంది.